మా ఆయన తోమిన సైలెన్సర్

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉండాల్సింది. కానీ అప్పటికి నాకు గుణింతాలే వచ్చాయి, ఒత్తులు రాలేదు. సైలెన్సర్ అన్న మాటలో న కింద స ఒత్తు ఉంది. అడుగడుక్కీ వచ్చే ఆ మాట లేకుండా ఈ కథ చెప్పడం కుదరదు. అందుకని ఒత్తులు వచ్చేదాకా ఆగాను.

అరవైకి దగ్గరపడ్డాక ఒత్తులేమిటని అడిగేవాళ్ళకు ముందు ఆ సంగతి చెప్పాలి. మా అమ్మ ఒంగోలు వైపు ఒక ఊళ్ళో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకులు గుచ్చేది. ఇంటికి పెద్దదాన్ని నేను. చెల్లి నా చంకలో, తమ్ముడు నా చేతిలో. బడికి నేనూ రోజూ వెళ్ళాను, తమ్ముణ్ణి దింపి రావడానికి. పెళ్ళయి ఢిల్లీ వచ్చాకైనా నేర్చుకోకూడదా అంటారు. నేర్పడానికి మా ఆయన స్వయంగా పూనుకున్నారు. అందువల్లే రాలేదు. ఆయనది కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి ఆఫీసరైన ఉద్యోగం. నేను పలక మీద అ రాసి చూపిస్తే, కింది గుమాస్తా తప్పు ఫైలు పంపినట్టు చూసేవారు. తలకట్టు సరిగా లేదని ఒక అక్షరం, సున్న పూర్తిగా మూయలేదని ఒక అక్షరం వెనక్కి పంపారు. నాలుగైదు అలా వెనక్కి వచ్చాక ఆ పలకను పెరుగు గిన్నె మీద మూతగా పెట్టుకున్నాను. చాలా ఏళ్ళు బాగా పనిచేసింది.

ఆయన రిటైరయ్యాక ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో ఈ ఫ్లాటుకు వచ్చాం. ఇక్కడి తెలుగువాళ్ళు పిల్లల కోసం ఆదివారం పొద్దున కింద హాల్లో తెలుగు క్లాసు పెట్టారు. నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. ఆ పిల్లలకు అక్షరాలు గబగబా వచ్చేస్తాయి, మాటలకు అర్థం తెలియదు. నాకు అది తిరగబడ్డ వ్యవహారం. పక్కన కూర్చున్న పిల్ల సొరకాయ అని కూడబలుక్కుని, “నానీ, సొరకాయ మత్‌లబ్?” అని హిందీలో అర్థం అడిగేది. “లౌకీ” అని చెప్పేదాన్ని. “ఇతనీ మెహనత్ లౌకీ కే లియే?” అని ఆ పిల్ల పుస్తకం మూసేసేది. అంత కష్టపడి చదివితే చివరికి సొరకాయ తేలిందని దాని బాధ.

ఇక కథలోకి వస్తాను. మా కోడలిది వరంగల్ వైపు. విమానాలకు సైలెన్సర్లు తయారుచేయడం ఆ అమ్మాయి ఉద్యోగం. సంబంధం కుదిరినప్పుడు మా ఆయన స్నేహితులందరికీ ఫోన్లు చేసి, కోడలు విమానాల్లో పనిచేస్తుందని చెప్పుకున్నారు. పెళ్ళికి వచ్చినవాళ్ళు వరసగా ఏయే దేశాలు తిరుగుతుంటావమ్మా అని అడిగారు. “నోయిడా” అని చెప్పింది.

నోయిడాలో ఒక పెద్ద రేకుల షెడ్డు. అందులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం ఒకటి తయారవుతోంది. దాని ఇంజను అన్నిటి లాంటిది కాదట. ఒకరోజు నేను గ్రైండర్లో ఇడ్లీ పిండి రుబ్బుతుంటే వచ్చి చూసి, “మా ఇంజన్ గిట్లనే ఉంటది అత్తమ్మా” అంది. మామూలు ఇంజన్లలో లోపలి ముక్కలు రోకలి పోటులా పైకీ కిందకీ ఆడతాయి. వీళ్ళదాంట్లో మూడు మూలల ఇనుప దిమ్మె ఒకటి, నడుము దగ్గర కాస్త నొక్కిన తొట్టిలో గిరగిరా తిరుగుతుంది. అందువల్ల చిన్నది, తేలిక, వణుకు తక్కువ.

“మరి బాధేందమ్మాయ్?”

“నోరు పెద్దది.”

కాలిన పొగ బయటికి పోయే కన్నం ఆ ఇంజన్లో మెల్లగా తెరుచుకోదు. ఒక్కసారిగా తెరుచుకుంటుంది. నిప్పులాంటి పొగ చెంపదెబ్బలా వచ్చి తగులుతుంది, ఒక దెబ్బ వెనక ఇంకో దెబ్బ. ఆ చప్పుడును చల్లార్చడం కోడలి పని. కారుకైతే బరువైన డబ్బా ఒకటి తగిలించి చేతులు దులుపుకోవచ్చు. ఎగిరేదానికి బరువు పెట్టకూడదు. పొగను మరీ అడ్డుకుంటే ఇంజనుకు ఊపిరాడదు. వదిలేస్తే విమానం ఎగిరే మైదానం పక్క ఊళ్ళవాళ్ళు కర్రలు తీసుకుని వస్తారు.

“మీ మామయ్య గురకకు కూడా ఒకటి చెయ్యమ్మా” అన్నాను.

“దానికి ఎంత బరువైనా ఏం గాదు అత్తమ్మా. మామయ్య ఎట్లాగూ ఎగరరు కద.”

“నేను గురక పెట్టను” అన్నారు ఆయన పేపరు చాటు నుంచి. ఆ సంగతి ఆయనకు తెలిసే వీలు లేదు కాబట్టి ఇద్దరం వాదించలేదు.

ఆ చలికాలం కోడలి ముఖంలో నవ్వు తగ్గింది. చేసిన మొదటి సైలెన్సర్ ఇంజను నడుస్తుండగానే పగిలింది. ఇంకా మందమైన రేకుతో రెండోది చేసింది. అదీ పగిలింది. మూడోది ఇంకా మందంగా చేసింది. అది పగిలిన రోజు వాళ్ళ పెద్ద సార్, ఒకప్పుడు విమానాలు నడిపిన పంజాబీ ఆయన, అందరి ముందూ కోప్పడకుండా పక్కకు పిలిచి మాట్లాడాడట. కోప్పడి ఉంటేనే బాగుండేదని కోడలు అంది. సోమవారం లోపల ఇది ఎందుకు పగులుతోందో చూపించు, లేకపోతే విదేశం నుంచి తయారైనది తెప్పించుకుందాం అన్నాడు. అప్పుడు ఈ అమ్మాయికి తయారుచేసే పని ఉండదు. సామాన్లు కొనే విభాగంలో కూర్చోబెడతారు.

“అది కూడా ఉద్యోగమే కదమ్మా” అన్నారు మా ఆయన. “ఎండ తగలదు, మసి అంటదు.”

“నేను చదివింది కొనుడు కాదు మామయ్యా, చేసుడు” అంది. అన్నం మధ్యలో లేచిపోయింది.

ఆ శనివారం సాయంత్రం పగిలిన సైలెన్సర్‌ను ఇంటికే తెచ్చుకుంది. మా అబ్బాయి ఆఫీసు పని మీద పుణె వెళ్ళాడు, లేకపోతే బండి మీద తెచ్చేవాడు. ఈ పిల్ల దాన్ని పాత దుపట్టాలో చుట్టి, చంటిబిడ్డలా ఎత్తుకుని మెట్రోలో వచ్చింది. స్టేషన్లో తనిఖీ చేసే అమ్మాయి ఆపిందట.

“యే క్యా హై?”

“సైలెన్సర్ హై, దీదీ.”

“కౌన్సీ గాడీ కా?”

“హవాయీ జహాజ్ కా.”

ఆ అమ్మాయి కాసేపు ఈ పిల్లను, కాసేపు దుపట్టాను చూసి, “తో జహాజ్ సే హీ చలీ జాతీ” అందట. విమానానిదైతే విమానంలోనే వెళ్ళకపోయావా అని. కంపెనీ కార్డు చూపించి, పైవాళ్ళను పిలిపించి, నాలుగు మాటలు పడి బయటపడింది. చెబుతూ కాస్త నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడం.

బాల్కనీలో పెట్టి దుపట్టా విప్పితే నేనూ చూశాను. చిన్న బిందెను నిలువునా సాగదీసినట్టుంది. ఒక కొస దగ్గర వెంట్రుకలా సన్నటి పగులు. ఒళ్ళంతా రంగులు. ఒకచోట ఎండుగడ్డి, ఒకచోట వంకాయ, ఒకచోట నెమలి మెడ. కొన్నిచోట్ల నల్లటి మసి. ఉక్కు ఎంత వేడెక్కితే ఆ రంగు తిరుగుతుందట. ఏ రంగు ఎక్కడ ఆగిందో చూస్తే వేడి ఎక్కడెక్కడ ఎంత తగిలిందో చెప్పొచ్చట. షెడ్డులో పసుపుపచ్చ లైట్ల కింద ఫొటోలు తీస్తే అంతా ఒకటే రంగు వచ్చింది. ఇంట్లో ట్యూబులైటు కిందా అంతే. “పొద్దున ఎండ వచ్చినంక తీస్త. అదొక్కటే ఉన్నది నాకు చూపించనీకె” అని, బియ్యం డబ్బా పక్కన జాగ్రత్తగా పెట్టి పడుకుంది. ఆయన అప్పుడు లోపల వార్తలు చూస్తున్నారు.

ఇక్కడ మా ఆయన ఆదివారాల గురించి చెప్పాలి. సర్వీసులో ఉన్నంతకాలం బల్ల మీద దుమ్ము, ఫైలులో మరక సహించని మనిషి. రిటైరయ్యాక ఫైళ్ళు లేవు. ఆ చెయ్యి ఊరుకోదు. అందుకని ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్న ఇత్తడీ స్టీలూ ముందేసుకుని తోముతారు. చింతపండుతో మొదలై, లొంగని వాటికి గరుకు కాగితం, చివర మెరుగు పేస్టు. ఆయన చేతిలో పడిన చెంబులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. పనిమనిషి నవ్వుకుంటుంది కానీ ఆదివారం సెలవు దొరుకుతోందని ఏమీ అనదు.

జనవరి పొగమంచు. పదిన్నర దాటితేగానీ మా బాల్కనీలోకి ఎండ రాదు. కోడలు ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయి, ఆలస్యంగా లేచి తలంటు పోసుకోవడానికి వెళ్ళింది. నేను కింద క్లాసులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మా ఆయన బాల్కనీలో చిన్న పీట మీద కూర్చుని, బనీను తడిసిపోయి, ముఖం వెలిగిపోతూ ఉన్నారు. ఆయన ఒళ్ళో సైలెన్సర్ అంతకంటే ఎక్కువగా వెలిగిపోతోంది.

నా చేతిలో పుస్తకం జారింది.

“ఏందండీ ఇది?”

“చూడు ఎలా ఉందో. పాపం, ఎంత మసి పట్టి ఉందనుకున్నావు. చింతపండుకు కదల్లేదు. కాగితం వేసి రుద్దాను. రేపు ఆఫీసులో నలుగురి ముందు పెట్టాలి కదా, ఆ అవతారంతో ఎలా తీసుకెళ్తుంది?”

నేను జవాబు చెప్పేలోపల తలకు తువ్వాలు చుట్టుకుని కోడలు వచ్చింది. చూసింది.

“ఎవరు తోమిన్రు దీన్ని?” అంది నెమ్మదిగా.

“నేనేనమ్మా” అన్నారు ఆయన. “వెల్డింగు దగ్గర మాత్రం కాస్త మొండికేసింది. ఇంకో అరగంట ఇస్తే అదీ పోతుంది.”

“వద్దు మామయ్యా” అంది. కేకలు వేయలేదు. గడప మీద కూర్చుండిపోయింది. తర్వాత, ఆ రంగులు మసి కాదని, తన దగ్గరున్న ఒకే ఒక్క ఆధారమని చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆయన ముఖంలో వెలుగు, పెద్ద గిన్నెలో నీళ్ళు తగ్గినట్టు, మెల్లగా తగ్గింది. చేతిలో గరుకు కాగితాన్ని ఎక్కడ దాచాలో తెలియక జేబులో పెట్టుకున్నారు.

కాసేపటికి గొంతు సవరించుకుని, “నేను రాసిస్తాను. జరిగిన పొరపాటుకు పూర్తి బాధ్యత నాదని, నీ ప్రమేయం లేదని, సంతకం పెట్టి ఇస్తాను” అన్నారు. ఉద్యోగమంతా ఇతరుల దగ్గర సంజాయిషీలు తీసుకున్న మనిషి. ఇవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

“ఏమని రాస్తారండీ? మురికి అనుకొని తోమితిని అనా?” అన్నాను.

“నువ్వు కాసేపు ఊరుకో.”

“రంగులు నేను చూశానమ్మాయ్” అన్నాను కోడలితో. “నెమలి మెడ రంగు ఇదిగో, ఇక్కడ ఉంది.” చెయ్యి పెట్టి చూపించాను. కాదేమోననిపించి ఇంకోచోట పెట్టాను. ఆ రెండూ కాక మూడోచోటు కూడా సరిగానే అనిపించింది.

“అత్తమ్మా, మీటింగుల మీ నెమలి నడవది” అంది. నవ్వలేదు కానీ, నన్ను నొప్పించకూడదని గొంతు మెత్తగా పెట్టింది. దానికే నాకు ఎక్కువ బాధేసింది.

మధ్యాహ్నం దొండకాయ వేపుడు చేశాను, ఆ పిల్లకు ఇష్టమని. ఇద్దరూ తినలేదు. మా ఆయన పెరుగన్నం కలిపి అలాగే చూస్తూ కూర్చున్నారు. కోడలు బాల్కనీలోకి వెళ్ళి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చుంది. ఏ పనీ చేయడం లేదు, ఊరికే తిప్పుతోంది. కుర్చీలో అలా దిగాలుగా కూర్చున్న మనిషిని చూస్తే, సోమవారం నుంచి ఆమెను కొనే బల్ల దగ్గర కూర్చోబెట్టేసినట్టే అనిపించింది.

గిన్నెలు సర్దుతుంటే లోపలికి కేక వినబడింది.

“మామయ్యా, ఇంత మెరుపు ఎట్ల తెచ్చిన్రు?”

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డారు. “ఇంక వదిలెయ్యమ్మా. బుద్ధి వచ్చింది.”

“దెప్పుతలేను. నిజంగనే అడుగుతున్న. ఇటు రండ్రి. అత్తమ్మా, మీరు కూడ.”

మా బాల్కనీకి నిలువు కమ్మీల గ్రిల్లు ఉంది. ఆ కమ్మీలు సైలెన్సర్ మీద అద్దంలోలా కనిపిస్తున్నాయి. కోడలు దాన్ని మెల్లగా తిప్పింది. కమ్మీలు గుండ్రటి ఒంటి మీద చక్కగా వంగి, ఒకే తీరుగా జారుకుంటూ వెళ్ళాయి. పగులున్న కొస దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా మెలిక తిరిగి, నడుం నొప్పి పట్టినట్టు పక్కకు ఒరిగాయి. ఇంకా తిప్పితే మళ్ళీ సర్దుకున్నాయి.

“ఉబ్బింది” అంది కోడలు. “చేతికి దొరకనంత సన్నగ ఉబ్బింది. మసి మీద అస్సలు కనపడకపోతుండె.”

మా ఆయన, మాట్లాడితే అదృష్టం జారిపోతుందేమోనన్నట్టు నిలబడ్డారు. కోడలు లోపలికి పరుగెత్తి స్టీలు స్కేలు తెచ్చి, ఒంటి మీద నిలువునా ఆనించి కింద నుంచి వెలుతురు చూసింది. మామయ్య రుద్దుడుకు వచ్చిన ఎత్తుపల్లమా, నిజమైన ఉబ్బా అని పది చోట్ల ఆనించింది. ఉబ్బే. తర్వాత నేల మీద కూర్చుని సుద్దముక్కతో గచ్చు మీదే గీసి చెప్పింది. బయట డబ్బా, లోపల చిల్లుల గొట్టం. నిప్పు ముందు లోపలి గొట్టానికి తగులుతుంది. అది వేడెక్కి పొడుగవుతుంది. రెండు కొసలూ వెల్డింగుతో బిగించి ఉన్నాయి, పొడుగయ్యేందుకు చోటు లేదు. అందుకని కొసను తన్నుతుంది, బయటి రేకును ఉబ్బిస్తుంది, చివరకు చీలుస్తుంది.

“నేను ప్రతిసారి రేకు మందం పెంచుకుంట పోయిన” అంది తల కొట్టుకుంటూ. “బలం చాలుతలేదనుకున్న. దానికి కావాల్సింది బలం కాదు, జాగ. ఒక్క కొస బిగించి, ఇంకో కొసను ఊరికే దూర్చి వదిలిపెడ్తే అయిపోతుండె.”

దీన్ని అత్తాకోడళ్ళకు అన్వయించి మా ఆయన ఏదైనా నీతి చెబుతారేమోనని భయపడ్డాను. చెప్పలేదు. ఆ రోజు నీతులు చెప్పే స్థితిలో లేరు. వెళ్ళి చల్లారిన పెరుగన్నం తిన్నారు.

సోమవారం సాయంత్రం కోడలు వచ్చేదాకా ఇద్దరం బాల్కనీలోనే ఉన్నాం, చలి లేదన్నట్టు నటిస్తూ. దుపట్టా విప్పగానే పెద్ద సార్, “యే తో శాదీ కా బర్తన్ హై” అని నవ్వాడట, పెళ్ళిలో పెట్టే సామాను తెచ్చావేమిటని. ఎవరు తోమారని అడిగితే మామగారని చెప్పింది. తర్వాత కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కిటికీ కమ్మీలు ఎలా మెలిక తిరుగుతున్నాయో చూపించింది. ఆయన చాలాసేపు చూసి, ఇంకొకటి చెయ్యమన్నాడు. ఇదే చివరిది, గంటసేపు ఇంజను నడిచి పగలకుండా ఉండాలి, పగిలితే కొనేద్దాం అన్నాడు. ఆ తోమినాయన్ను పరీక్ష రోజు తప్పకుండా తీసుకురమ్మన్నాడు.

పరీక్ష ఒక శనివారం పడింది, ఎండ బాగా కాసే రోజుల్లో. మా ఆయన రిటైర్మెంటు రోజు కుట్టించిన సూటు వేసుకున్నారు. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఇంజనును ఇనుప బల్లకు బిగించారు. కొత్త సైలెన్సర్ పాతవాటికంటే పలచగా, బక్కగా ఉంది. మమ్మల్ని దూరంగా కుర్చీల్లో కూర్చోబెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. పెద్ద సార్ వచ్చి మా ఆయనకు నమస్కారం పెట్టి, “అంకుల్‌జీ, హాథ్ జేబ్ మే” అన్నాడు. చేతులు జేబులోనే ఉంచుకోమని. ఆయన నిజంగానే జేబుల్లో పెట్టుకున్నారు.

ఇంజను మొదలైంది. చెవి డిప్పల్లోంచి కూడా ఆ నోరు వినబడింది. నేను ఇంజనును చూడలేదు, కోడలి చేతులనే చూశాను. పిడికిళ్ళు బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తోంది. కొంతసేపటికి సైలెన్సర్ మూతి దగ్గర ఎర్రగా రాజుకుంది. అలాగే అవుతుందని ముందే చెప్పింది కాబట్టి లేవకుండా కూర్చున్నాను. మా ఆయన పెదవులు కదులుతున్నాయి. హనుమాన్ చాలీసా అయి ఉండాలి. ఢిల్లీ వచ్చాక ఆయన హిందీలో నేర్చుకున్నది, తప్పుల్లేకుండా వచ్చింది అదొక్కటే.

గంట అయింది. ఇంజను ఆపారు. అంత చప్పుడు తర్వాత ఆ నిశ్శబ్దం చెవుల్లో గింగురుమంది. అప్పుడు సైలెన్సర్‌లోంచి టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది.

“పగిలిందా?” అన్నారు మా ఆయన, జేబుల్లోంచి చేతులు తీయకుండానే లేచి.

కోడలు చెయ్యెత్తి ఆగమంది. తల వంచి వింది. నిదానంగా ముఖం విప్పారింది. “లేదు మామయ్యా. చల్లారుతున్నది. లోపలి గొట్టం మళ్ళ తన జాగలకు జరుగుతున్నది.”

పూర్తిగా చల్లారాక ఎర్రటి రంగు నీళ్ళు పూసి, తుడిచి, భూతద్దంతో వెల్డింగంతా వెతికారు. పగులుంటే అందులో ఎరుపు మిగులుతుందట. ఎక్కడా మిగల్లేదు. పెద్ద సార్ కోడలితో చెయ్యి కలిపి, విదేశం వాళ్ళకు వద్దని రాసేస్తానన్నాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, చప్పుడు ఎలా ఉందని హిందీలో అడిగాడు.

నాకు వచ్చిన హిందీలో, “ఆవాజ్ తో హై జీ. గుస్సా కమ్ హువా” అన్నాను. చప్పుడు ఉంది కానీ కోపం తగ్గిందని. ఆయన పెద్దగా నవ్వి, అయితే తర్వాతి పని ఆ చప్పుడేనని కోడలి వైపు తిరిగాడు.

కారులో వస్తూ ఆ పిల్ల నన్ను దులిపింది. “మస్తుగున్నది అని ఒక్క మాట అంటే ఏం పోతుండె అత్తమ్మా? ఇంక ఆర్నెల్ల పని పెట్టిన్రు.”

“చేసుడే కావాలంటివిగా” అన్నాను. వెక్కిరింతకు ఆమె మాటే వాడాను. నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మర్నాడు పొద్దున పాల భయ్యా మోటారుసైకిలు కింద వచ్చి ఆగింది. ఎన్నో ఏళ్ళుగా వస్తున్న బండి. అది అంత గొంతు చించుకుంటుందని ఆ రోజే గమనించాను. గిన్నె తీసుకుని దిగి, పాలు పోయించుకోకుండా బండి వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ నొప్పిని కూడా లెక్కచేయకుండా వంగి చూశాను.

“భయ్యా, ఆప్‌కా సైలెన్సర్ ఫట్ గయా హై.”

“కబ్ కా ఫట్ గయా, అమ్మాజీ.” ఎప్పుడో పగిలిందన్నాడు, ఆ వార్త పట్ల ఏ ఆసక్తీ లేకుండా.

“దోనో తరఫ్ టైట్ కియా హోగా. ఏక్ తరఫ్ ఖులా ఛోడ్‌నా చాహియే” అన్నాను. రెండు వైపులా బిగించేస్తే ఇంతేనని, ఒక వైపు వదిలెయ్యాలని, పెద్ద సార్ గొంతుతో చెప్పాను.

అతను బండి దిగి వచ్చి, నా పక్కనే వంగి, నేను చూపిస్తున్న చోటు చూశాడు. సైలెన్సర్ వెనక కొస బోల్టు ఊడిపోయి, తీగముక్క మీద వేలాడుతోంది.

“ఏక్ తరఫ్ తో ఖులా హీ హై, అమ్మాజీ” అన్నాడు, ఒక వైపు వదిలేసే ఉంది కదా అని.

నేను లేచి గిన్నె పట్టాను.